తెర వెనుక దుబాసీ

దుబాసీ అన్న మాట ఇప్పుడు మన ఇళ్ళల్లో వినపడదు. రెండు భాషలు తెలిసినవాడు ద్విభాషి. ఆ ద్విభాషే జనం నోట అరిగి అరిగి దుబాసీ అయినాడు. కంపెనీవారి కాలంలో చెన్నపట్నంలో దుబాసీ లేనిదే దొరకు వర్తకం సాగేది కాదు, వర్తకుడికి దొరతో మాట కలిసేది కాదు. "కాశీయాత్ర చరిత్ర" రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో కాశీకి బయలుదేరేనాటికి చెన్నపట్నం సుప్రీంకోర్టులో చేస్తూ వున్నది ఇంటర్‌ప్రిటరు ఉద్యోగం. అంటే దుబాసీ పనే. అలాంటి కోర్టును ఒక్కసారి ఊహించుకోండి. న్యాయమూర్తికి వచ్చింది ఇంగ్లీషు. సాక్షికి వచ్చింది తెలుగో, అరవమో. న్యాయమూర్తికి చెవుడు లేదు, సాక్షికి మూగతనం లేదు. అయినా దుబాసీ రానినాడు కేసు వాయిదా పడవలసిందే కదా!

ఈ పాత ముచ్చట ఇప్పుడెందుకంటారా? ఈ మధ్య నాకు వస్తున్న ఉత్తరాలలో ఒక రకం ప్రశ్న తరచు కనపడుతున్నది. ఒక సోదరి రాసిన ఉత్తరం సారాంశం ఇది: "మా అబ్బాయి ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తాడు. లాప్‌టాప్ తెర చాలటం లేదని పెద్ద తెర ఒకటి, దాన్ని కలపటానికి చిన్న డబ్బా ఒకటి కొన్నాడు. కొన్నాళ్ళు బాగానే వెలిగింది. ఒకనాటి రాత్రి కంప్యూటరు తనంతట తాను ఏదో అప్‌డేటు చేసుకున్నది. తెల్లవారేసరికి తెర నల్లగా వుంది. తెర అమ్మినాయన తెర బాగానే వున్నదంటాడు. కంప్యూటరు బాగుచేసే కుర్రవాడు కంప్యూటరు బాగానే వున్నదంటాడు. మరి చెడిపోయింది ఏమిటి? మీరు తెలుగు చెప్పే మాస్టారని తెలిసీ అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి."

అనుకోవటానికేముందమ్మా! ఆ ఇద్దరూ నిజమే చెప్పారు. తెరా చెడలేదు, కంప్యూటరూ చెడలేదు. దుబాసీ రాలేదు, అంతే. ఇక ఒక భాషలోని సంగతి ఇంకొక భాషలోకి వెళ్ళటం, వెళ్ళకపోవటం - ఇది తెలుగు మాస్టారి సంగతి కాకపోతే మరెవరిది?

కంప్యూటరువాళ్ళు ఈ దుబాసీని డ్రైవరు అంటారు. ఈ పేరుతో వచ్చిన చిక్కు ఇంతా అంతా కాదు. మా పక్కింటి కుర్రవాడు ఒకనాడు వరండాలో నుంచుని ఫోనులో, "డ్రైవరు లేదండీ, అందుకే ఏమీ రావటం లేదు" అంటూ వుంటే, లోపల పప్పు రుబ్బుకుంటున్న వాళ్ళ బామ్మగారు, "అయితే ఆటో పిలుచుకుని రమ్మనరాదట్రా నాయనా!" అన్నది. ఆవిడ తప్పేమీ లేదు. కారును నడిపేవాడు డ్రైవరయినట్టే, యంత్రంలోని ఒక్కొక్క భాగాన్ని నడిపించే చిన్న ప్రోగ్రాము కూడా డ్రైవరే. కాకపోతే దీనికి కాళ్ళూ చేతులూ లేవు, జీతమూ బత్తెమూ లేవు.

ఆపరేటింగ్ సిస్టం అనేది కంప్యూటరు అనే ఇంటికి యజమానురాలనుకోండి. విండోసు, మాక్ ఓయెస్, లైనక్సు - ఇవి మూడు వేరు వేరు ఇళ్ళు. మూడింటి ఆచారాలూ వేరు. వంటింట్లో ఏం జరగాలో, హాల్లో ఎవరు కూర్చోవాలో చెప్పేది యజమానురాలే. కాని బయటినుంచి వచ్చే ప్రతి వస్తువు భాషా ఆవిడకు రాదు. అచ్చు యంత్రానిది ఒక భాష, కెమేరాది ఒక భాష. అందుకని ఒక్కొక్కదానికి ఒక్కొక్క దుబాసీ. మీటల పలకకూ మౌసుకూ కావలసిన దుబాసీలు ముందునుంచీ ఇంట్లోనే కాపురం వుంటారు గనక వాళ్ళున్నారన్న సంగతే మనకు తెలియదు. బయటినుంచి పిలిపించుకోవలసిన దుబాసీతోనే తంటా.

తెరకు సామాన్యంగా ఇంత కథ వుండదు. కంప్యూటరులో బొమ్మలు గీయటానికే ప్రత్యేకంగా ఒక భాగం వుంటుంది. అది గీసిన బొమ్మ హెచ్‌.డి.ఎం.ఐ. అనే తీగ వెంట నేరుగా తెరకు పోతుంది. కాలవలో నీళ్ళు పోయినట్టు. చిక్కల్లా యు.ఎస్‌.బి. అనే రంధ్రంగుండా బొమ్మను పంపాలనుకున్నప్పుడు వచ్చింది.

యు.ఎస్‌.బి. పుట్టింది బొమ్మలకోసం కాదు. అంతకుముందు కంప్యూటరు వెనకవైపు ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క ఆకారపు రంధ్రం వుండేది. ఆ గందరగోళాన్ని పోగొట్టి అన్నిటికీ ఒకటే రంధ్రం వుండాలని పనిచేసినవారిలో ముఖ్యుడు మనవాడే. బరోడాలో చదువుకుని అమెరికా వెళ్ళి ఇంటెల్ కంపెనీలో పనిచేసిన అజయ్ భట్ గారు. 1996లో వచ్చిన మొదటి యు.ఎస్‌.బి. సెకండుకు మహా అయితే 1 కోటీ 20 లక్షల బిట్లు మోయగలిగేది. బిట్టు అంటే ఒక సున్నా, లేదా ఒక ఒకటి. మీటల పలకకు అదే ఎక్కువ. 2000లో వచ్చిన రెండవ తరం యు.ఎస్‌.బి. 48 కోట్ల బిట్లదాకా పెరిగింది.

మరి బొమ్మ సంగతి చూడండి. ఇప్పుడు ఇళ్ళల్లో సామాన్యంగా వుండే తెరమీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. హెచ్చవేస్తే 20 లక్షల 73 వేల 600 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగు చెప్పటానికి 24 బిట్లు. బొమ్మ కదలాలంటే సెకండుకు 60 సార్లు కొత్త బొమ్మ పంపాలి. మొత్తం లెక్క సెకండుకు 298 కోట్ల బిట్లు పైచిలుకు. 48 కోట్లు పట్టే గొట్టంలో 298 కోట్లు పోయటం! కానుగింజంత కన్నంలో గుమ్మడికాయను తోసినట్టు కాదూ?

తోసినవాళ్ళున్నారు. ఇంగ్లండులో కేంబ్రిడ్జి వూళ్ళో 2003లో న్యూన్‌హామ్ రీసెర్చి అనే చిన్న కంపెనీ ఒకటి మొదలయింది. 2006లో దాని పేరు డిస్‌ప్లేలింక్ అని మారింది. మన బజారులో దొరికే ఇటువంటి డబ్బాలలో, డబ్బామీద ఎవరి పేరున్నా, చాలావాటి కడుపులో వున్నది ఈ కంపెనీ చిప్పే. 2020లో దీన్ని అమెరికాకు చెందిన సినాప్టిక్సు కంపెనీ కొనుక్కున్నది.

వీళ్ళు చేసిన ఉపాయం మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు కొత్తేమీ కాదు. టెలిగ్రాం ఇచ్చేవాళ్ళం గుర్తుందా? మన దేశంలో ఆ సదుపాయం 2013లో ఆగిపోయింది. మాటకింత అని డబ్బు కట్టవలసి వచ్చేది గనక ఎవరూ నాలుగు పేజీల ఉత్తరాన్ని టెలిగ్రాంగా పంపేవారు కాదు. అవతలివాళ్ళకు తెలిసిన సంగతులు వదిలిపెట్టి, కొత్తగా జరిగింది మాత్రం, అదీ కుదించి, పంపేవాళ్ళం. ఈ దుబాసీ చేసేదీ అదే. మీరు తెరమీద ఉత్తరం రాస్తున్నారనుకోండి. ఒక అక్షరం కొట్టినప్పుడు మారేది ఆ కాస్త చోటే. మిగతా 20 లక్షల చుక్కలూ ఎక్కడివక్కడే వున్నాయి. దుబాసీ ఆ మారిన ముక్కనే పట్టుకుంటాడు. "ఇక్కడినుంచి వెయ్యి చుక్కలు తెలుపు" అని చెప్పగలిగిన చోట వెయ్యిసార్లు తెలుపు తెలుపు అనడు. అలా కుదించిన కబురు యు.ఎస్‌.బి. తీగ వెంట పోతుంది. అవతల డబ్బాలోని చిప్పు దాన్ని విప్పి, మళ్ళీ పూర్తి బొమ్మ చేసి తెరకిస్తుంది.

ఇంతకుముందు ఇంకొక తతంగం వుంది. తెరను తగిలించగానే అది తన జాతకం ఇచ్చుకుంటుంది. పుట్టినింటి పేరేమిటి, ఏయే కొలతలలో బొమ్మ చూపగలదు, అన్నీ 128 బైట్ల చీటీలో వుంటాయి. మీటల పలకమీద 128 అక్షరాలు కొట్టినంత అన్నమాట. 1994నుంచీ వున్న సంప్రదాయమిది. దుబాసీ ఆ జాతకం తెచ్చి యజమానురాలికి చూపి, "అమ్మా, ఫలానా కొలతల తెర ఒకటి గుమ్మంలో వున్నది" అని విన్నవించుకోవాలి. ఆవిడ సరేనని ఆ తెరకోసం జ్ఞాపకశక్తిలో కొంత జాగా ఇచ్చి, అందులో బొమ్మ గీయిస్తుంది. దుబాసీ ఆ బొమ్మను చూస్తూ, మారినదల్లా అవతలికి చేరవేస్తూ వుంటాడు. మన కళ్ళకు మాత్రం మామూలు తెరలాగే వుంటుంది.

కుదించటం, చూడటం, చేరవేయటం ఈ పనంతా కంప్యూటరు మెదడే చెయ్యాలి. అందువల్ల ఉత్తరాలకూ, లెక్కలకూ, పిల్లల పాఠాలకూ ఈ డబ్బా హాయిగా సరిపోతుంది. వేగంగా పరుగెత్తే ఆటలకూ, క్షణక్షణం తెరంతా మారిపోయే సినిమాకూ తటపటాయించవచ్చు. అది లోపం కాదు, స్వభావం.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఈ దుబాసీ యజమానురాలి ఇంట్లో ఎక్కడ కూర్చుంటాడు? ఆవిడ చెప్పిన చోట. ఆవిడ ఇల్లు సర్ది పీటలు మార్చినప్పుడల్లా ఈయన పీట ఎగిరిపోయే ప్రమాదముంది. విండోసువారు 2016లో విండోసు 10లో, ఇటువంటి తెరల దుబాసీలకోసమని ఒక ప్రత్యేకమైన పద్ధతి ఏర్పాటు చేశారు. ఆయన తూలిపడితే ఆయనే పడాలిగాని ఇల్లంతా కూలకూడదని, ఆ పీటను గర్భగుడిలో కాక ముఖమండపంలో వేశారు. ఆ ఏర్పాటు మంచిది.

మాక్ కంప్యూటర్ల ఇంట్లో కథ వేరుగా నడిచింది. 2018 మార్చి చివర హైసియెర్రా 10.13.4 అనే అప్‌డేటు వచ్చింది. అది వేసుకున్నవాళ్ళ డిస్‌ప్లేలింక్ తెరలు దేశదేశాల్లో నల్లబడ్డాయి. తెరలు మంచివే, డబ్బాలు మంచివే, కంప్యూటర్లు మంచివే. దుబాసీ పీట పోయింది. "పని జరగాలంటే ఈ అప్‌డేటు వేసుకోకండి, పాతదానిలోనే వుండండి" అని ఆ కంపెనీవారే చెప్పవలసి వచ్చింది. ఆ తరువాత కొంత కొంతగా మార్గం దొరికింది. ఇప్పుడు మాక్‌లో ఈ దుబాసీ పనిచేయటానికి మీ అనుమతి కావాలి. "ఈ ప్రోగ్రాము మీ తెరను రికార్డు చేస్తానంటున్నది, ఒప్పుకుంటారా?" అని కంప్యూటరు అడుగుతుంది. అది చూసి గుండె గుభేలుమని, ఎవరో ఇంట్లోకి తొంగిచూస్తున్నారని భయపడినవాళ్ళున్నారు. భయం సహజమే. కాని బొమ్మను చూడకుండా బొమ్మను చేరవేయటం ఎలా సాధ్యం? రహస్యం వినకుండా రహస్యాన్ని తర్జుమా చేసే దుబాసీ ఎక్కడా లేడు. అందువల్ల అనుమతి ఇవ్వవచ్చు. కాని ఆ ప్రోగ్రామును అసలు తయారుచేసినవారి దగ్గరనుంచే తెచ్చుకున్నారా అన్నది ముందు చూసుకోవాలి. "ఉచితంగా డ్రైవరు" అని బజారున పిలిచే ప్రతివాణ్ణీ మన గుట్టు తెలిసే చోట కూర్చోబెట్టుకుంటామా?

లైనక్సు ఇంటి కథ ఇంకా ఆసక్తిగా వుంటుంది. మొదట్లో ఈ డబ్బాల భాష కంపెనీవారికి తప్ప ఎవరికీ తెలియదు. 2009లో కంపెనీవారు రెండవ తరం యు.ఎస్‌.బి. చిప్పులతో ఎలా మాట్లాడాలో తెలిపే ప్రోగ్రాము భాండారాన్ని అందరూ చదువుకునేటట్టు బయటపెట్టారు. దాని ఆధారంతో ఔత్సాహికులు దుబాసీలను తయారుచేశారు. 2012లో అటువంటి దుబాసీ లైనక్సు 3.4లో ఇంటిమనిషిగానే చేరిపోయాడు. ఇక పిలవనక్కరలేదు, వెతకనక్కరలేదు. డబ్బా తగిలిస్తే లేచి వస్తాడు.

ఆ తరువాత మూడవ తరం యు.ఎస్‌.బి.కి చేసిన చిప్పుల భాషను మాత్రం అలా బయటపెట్టలేదు. 2015లో లైనక్సువారికి కూడా డ్రైవరు ఇచ్చారుగాని, అందులో కొంత భాగమే తెరిచిన పుస్తకం, ముఖ్యమైన భాగం మూసిన పెట్టె. పైగా లైనక్సు కొత్త రూపు తాల్చినప్పుడల్లా ఆ తెరిచిన భాగాన్ని దానికి సరిపడేటట్టు మళ్ళీ కట్టుకోవాలి.

దీనివల్ల మనకేం కష్టం, నష్టం అంటే, మా కాలేజీలో జరిగింది చెబుతాను. స్టోరుగదిలో కొన్ని తెరలూ, వాటిని కలిపే యు.ఎస్‌.బి. డబ్బాలూ దుమ్ముపట్టి వున్నాయి. ప్రయోగశాలకు కొత్త కంప్యూటర్లు వచ్చాక వాటికి డ్రైవరు దొరకలేదట. బాగుచేయటానికి వచ్చినాయన, "ఇవి పనికిరావండి, తీసిపారెయ్యండి" అని చెప్పి వెళ్ళాడు. తూకానికి అమ్మివేయటానికి కాగితాలు కూడా సిద్ధమయ్యాయి. ఆ సమయంలో రెండో సంవత్సరం చదివే ఒక కుర్రవాడు, నా క్లాసులో వెనక బెంచీలో కూర్చుని పద్యం అప్పజెప్పమంటే నేలచూపులు చూసేవాడు, వచ్చి, "ఒక్క పూట వుంచండి, మాస్టారూ" అన్నాడు. పాత కంప్యూటరు ఒకదానిలో లైనక్సు పెట్టి, డబ్బా తగిలించాడు. అరనిమిషంలో తెర పచ్చగా వెలిగింది. ఏమీ తేలేదు, ఏమీ కొనలేదు. ఆ డబ్బాలు రెండవ తరంవి. వాటి భాష తెలిసినవాడు ఆ ఇంట్లో ఎప్పటినుంచో కాచుకుని వున్నాడు.

మా అటెండరు, "అయితే ఇన్నాళ్ళూ ఇవి బతికే వున్నాయన్నమాటేగా బాబూ!" అన్నాడు. బతికే వున్నాయి. ఆ తెరలిప్పుడు గ్రంథాలయంలో పుస్తకాల జాబితా చూసుకోవటానికి పిల్లలకు ఉపయోగపడుతున్నాయి.

డబ్బు పోసి కొనుక్కునే గృహస్థులకు నేను చెప్పదలచుకున్నది ఇదీ. మొదట, కొనేముందు దుకాణదారును ఒక ప్రశ్న అడగండి: "దీనికి డ్రైవరు కావాలా, అక్కరలేదా?" ఎందుకంటే ఇక్కడ ఒక పెద్ద మోసమున్నది - మనుషులు చేసింది కాదు, ఆకారం చేసింది. 2014లో యు.ఎస్‌.బి.-సి అనే కోడిగుడ్డు ఆకారపు రంధ్రం వచ్చింది. కొన్ని కంప్యూటర్లలో ఆ రంధ్రంగుండా బొమ్మ నేరుగా, దుబాసీ అవసరం లేకుండా తెరకు పోతుంది. కొన్నిటిలో ఆ దారి వుండదు. రంధ్రాలు మాత్రం కవలపిల్లల్లా వుంటాయి. డబ్బాలూ అంతే. మీ కంప్యూటరుకు నేరుగా పోయే దారి వుండి, మీకు ఒక్క తెరే కావాలంటే దుబాసీ డబ్బాకు డబ్బు పెట్టనక్కరలేదు, మామూలు తీగ చాలు. నేరుదారి లేనివాళ్ళకూ, కంప్యూటరు ఒప్పుకున్నదానికంటే ఎక్కువ తెరలు కావలసినవాళ్ళకూ ఈ డబ్బాయే దిక్కు. 2020లో వచ్చిన ఎం1 మాక్‌బుక్ ఎయిర్ బయట ఒక్క తెరనే ఒప్పుకునేది. రెండో తెర కావలసినవాళ్ళు ఈ డబ్బాలే కొనుక్కున్నారు.

రెండోది, అప్‌డేటు అనగానే బిత్తరపోయి మానుకోకండి, వాటిలో ఇంటి తలుపులకు గడియలు వేసేవి కూడా వుంటాయి. కాని పెద్ద అప్‌డేటు వేసేముందు డబ్బా తయారుచేసినవారు కొత్త డ్రైవరు ఇచ్చారో లేదో చూసుకోండి. మూడోది, తెర నల్లబడగానే కొత్త తెరకోసం బజారుకు పరుగెత్తకండి. ఆ తెరనే మామూలు తీగతో ఇంకొక కంప్యూటరుకు తగిలించి చూడండి. వెలిగితే తెర క్షేమం, వెతకవలసింది దుబాసీని. నాలుగోది, డబ్బా అడుగున సన్నటి అక్షరాలతో వుండే నమూనా సంఖ్యను ఒక కాగితంమీద రాసి భద్రపరచండి. దుబాసీని వెతకటానికి ఆ సంఖ్యే అడ్రసు.

ఉత్తరం రాసిన సోదరికి ప్రత్యేకంగా చెప్పేది ఏమిటంటే, మీ అబ్బాయిచేత డబ్బా తయారుచేసినవారి దగ్గరనుంచి కొత్త డ్రైవరు తెప్పించి వేయించండి. తెర వెలిగే అవకాశమే ఎక్కువ.

భాష బోధించేవాడిగా నాకు ఇందులో తట్టే సంగతి ఒకటున్నది. బ్రాహ్మీ లిపిలో చెక్కిన రాళ్ళు మన దేశంలో వందల ఏళ్ళు ఎండకెండి వానకు తడిసి నిలిచే వున్నాయి. రాయి చెడలేదు, చెక్కిన గీత చెరగలేదు, చదివేవాడు లేక మూగవైనాయి. 1837లో జేమ్సు ప్రిన్సెప్ ఆ లిపిని చదివి, చదివిన పద్ధతిని దాచుకోకుండా అందరికీ చెప్పాడు గనకనే ఆ తరువాత దొరికిన భట్టిప్రోలు భరిణెలమీది అక్షరాలు కూడా పలికాయి. సింధులోయ ముద్రలు ఈనాటికీ పలకలేదు. వస్తువు ఆయుష్షు దాని ఇనుములోనూ రాతిలోనూ మాత్రమే లేదు, దాని భాష ఎంతమందికి తెలుసునన్నదానిలో కూడా వున్నది. డబ్బు పెట్టి కొన్న వస్తువు భాష ఒక్క కంపెనీ పెట్టెలోనే వున్నదంటే, ఆ కంపెనీ ఓపిక వున్నంతకాలమే మన వస్తువు బతుకుతుంది. కనక కొనేటప్పుడు ధరతోబాటు, హామీకాలంతోబాటు, "దీనికి కొత్త డ్రైవరు ఎన్నాళ్ళు ఇస్తారండీ?" అని కూడా అడగండి. దుకాణదారు మొదటిసారి మీ మొహం వింతగా చూస్తాడు. పదిమంది అడిగితే అతను తయారీవారిని అడుగుతాడు.